వీపును చూసే నాట్యం, ముఖాన్ని చూసే నాట్యం: బృందనృత్య సాధనపై ఒక వేదాంత విమర్శ

ఉపోద్ఘాతం

బృందనృత్యం గురించి మన సంఘాల్లో సాధారణంగా రెండు మాటలే వినిపిస్తాయి. అది లోకసంబంధమైనది గనుక ఆరాధన దరిదాపులకు రానివ్వకూడదనేది మొదటి మాట. యౌవనస్థులు సంఘంలో నిలవాలంటే దానిని రానివ్వక తప్పదనేది రెండవ మాట. ఈ రెండు మాటలు పలికేవారు కూడా నాట్యాన్ని చూచి మాట్లాడటం లేదు. మొదటివారు దాని పేరు విని భయపడుతున్నారు. రెండవవారు దాని ప్రయోజనాన్ని లెక్కించి ఒప్పుకొంటున్నారు. అనేకులు కలిసి ఆడే నాట్యాన్ని ఎవరు కూరుస్తారు, దానిని ఎలా నేర్పుతారు, సాధనలో ఎవరు మిగులుతారు, ఎవరు వెళ్లిపోతారు అనే ప్రశ్నలు అడగకుండానే తీర్పు వెలువడుతోంది. ఆ ప్రశ్నలను అడగడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ పరిశీలనకు మేము ఎన్నుకొన్న స్థలం హైదరాబాదు నుండి చేవెళ్ల మీదుగా వికారాబాదు వైపు వెళ్లే దారి. ఇరువైపులా పాత మర్రిచెట్లున్న ఈ దారి ప్రాంతంలోనే రంగారెడ్డి జిల్లా మొయినాబాదు మండలంలోని కనకమామిడి ఉంది. ఇక్కడి నుండి ఒక దిక్కున కొద్ది దూరంలో, ఇదే జిల్లాలో, వేలమంది నర్తకులు ఒక్కసారిగా ఆడిన గచ్చిబౌలి క్రీడామైదానం ఉన్నది. మరొక దిక్కున, ఏటా నవంబరులో మెథడిస్టు విశ్వాసులు బండ్లమీద, బస్సులమీద చేరుకొనే ధారూరు క్రైస్తవ జాతర ఉన్నది. నగరపు వేదికకూ పల్లె వలయానికీ నడుమ ఉన్న ఇటువంటి ఊళ్లలో క్రిస్మసు దగ్గర పడగానే యౌవనస్థుల సాధనలు మొదలవుతాయి. వాటిలో ఏ పద్ధతి చోటు చేసుకొంటున్నదో, ఏది జారిపోతున్నదో గమనించడం సంఘ కాపరులకు అవసరమని మేము భావిస్తున్నాము.

1. పదాల విచారణ

హెబ్రీ భాషలో నాట్యానికి వాడిన మాటల్లో ముఖ్యమైనది 'మాహోల్'. గుండ్రంగా తిరగడం అనే అర్థమున్న ధాతువుతో దీనికి సంబంధం ఉన్నదని పండితులు చెబుతారు. నిర్గమకాండము 15వ అధ్యాయంలో మిర్యాము తంబుర పట్టుకొన్నప్పుడు స్త్రీలందరూ ఆమె వెంబడి వెళ్లిన సందర్భంలో ఇదే కుటుంబానికి చెందిన మాట కనిపిస్తుంది. అక్కడ మిర్యాము పాట ప్రత్యుత్తర రూపంలో సాగింది. ఒకరు ఎత్తుకొంటే అనేకులు అందుకొన్నారు. ఐగుప్తు నుండి తొందరగా బయలుదేరిన ఆ స్త్రీల చేతుల్లో తంబురలుండటం కూడా గమనించదగినది. ఆ నాట్యం అప్పటికప్పుడు పుట్టిన ఉద్రేకం మాత్రమే కాదు, దాని వెనుక ముందునుండి ఉన్న అలవాటు, అంటే సాధన, ఉన్నదని అనుకోవడానికి అవకాశముంది.

గ్రీకులో 'ఖోరోస్' అనే మాట ఆడుతూ పాడే బృందాన్ని సూచిస్తుంది. తప్పిపోయిన కుమారుని ఉపమానంలో పెద్ద కుమారుడు పొలం నుండి వస్తూ విన్నది వాద్యాల ధ్వనిని, ఈ నాట్యాన్ని. నేడు మన యౌవనస్థులు నిత్యం పలికే 'కొరియోగ్రఫీ' అనే మాటకు మూలం ఇదే. నాట్యాన్ని రాతలో పెట్టడం అని దాని అర్థం. ఐరోపాలో నాట్యాన్ని పుస్తకంలోనికి ఎక్కించిన తొలి ప్రసిద్ధులలో ఒకరు ఫ్రాన్సు దేశపు క్రైస్తవ మతగురువే. త్వానో ఆర్బో అనే కలం పేరుతో ఆయన వెలువరించిన గ్రంథం 16వ శతాబ్దం చివరి నాటిది. నాట్యానికీ మతగురువుకూ బద్ధవైరమని తలచేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

ఇక్కడ ఒక ప్రచారాన్ని సరిచేయవలసి ఉంది. త్రిత్వంలోని ముగ్గురు వ్యక్తుల పరస్పర అంతర్వాసాన్ని తెలిపే 'పెరిఖోరేసిస్' అనే మాటకు 'కలిసి చుట్టూ నాట్యమాడటం' అని అర్థం చెప్పి, దానిపై ప్రసంగాలు నిర్మించడం ఈ మధ్య పరిపాటి అయింది. వినడానికి అది ఇంపుగానే ఉంటుంది గాని భాషాశాస్త్రం దానికి తోడ్పడదు. నాట్యాన్ని తెలిపే 'ఖోరోస్'లో ఉన్నది హ్రస్వమైన ఒకారం. 'పెరిఖోరేసిస్' పుట్టిన క్రియలో ఉన్నది దీర్ఘమైన ఓకారం. ఆ క్రియకు కదలి చోటిచ్చుట, ఇముడ్చుకొనుట అని అర్థం. 8వ శతాబ్దంలో దమస్కు యోహాను త్రిత్వాన్ని గూర్చి ఈ మాటను వాడినప్పుడు ఆయన మనసులో ఉన్నది నాట్యం కాదు. ఒకరిలో ఒకరికి ఉన్న చోటు.

అయితే ఈ దిద్దుబాటు వలన మనకు నష్టం లేదు, లాభమే ఉన్నది. అందమైన ఉపమానం పోయి, అంతకన్న గట్టి కొలత చేతికి వచ్చింది. బృందనృత్యాన్ని దైవస్వరూపంతో పోల్చి పొగడటం మాని, "ఈ నాట్యంలో ఒకరు మరొకరికి చోటిస్తున్నారా?" అని అడగవచ్చు. ఈ వ్యాసమంతటిలో మేము వాడే కొలబద్ద ఇదొక్కటే.

2. వేలమంది ఒక్కసారిగా ఆడినప్పుడు

2010 డిసెంబరులో గచ్చిబౌలిలో సిలికానాంధ్ర సంస్థ నిర్వహించిన అంతర్జాతీయ కూచిపూడి నాట్య సమ్మేళనంలో 2,800 మందికి పైగా నర్తకులు హిందోళ రాగ తిల్లానాను కలిసి ఆడి గిన్నిస్ గ్రంథంలో చోటు సంపాదించారు. తరువాతి సమ్మేళనాల్లో ఆ సంఖ్య ఇంకా పెరిగింది. దీనికి మహాబృందనాట్యమని పేరు పెట్టారు. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు దేశాల్లో, వేర్వేరు గురువుల వద్ద నేర్చుకొన్నవారు ఒక మైదానంలో నిలిచి, ఒకే తాళానికి ఒకే అడుగు వేయడం చిన్న విషయం కాదు.

దాని వెనుక ఉన్న పనిని తెలిసికొంటే గాని విమర్శకు అర్హత రాదు. పెద్ద బృందానికి నాట్యం కూర్చేవారు మొదట అడుగును గాక నేలను చూస్తారు. చేతులు చాచినా పక్కవారికి తగలనంత ఎడముతో గళ్లు గీయాలి. ఎవరు ఏ గడిలో నిలవాలో, ఎటునుండి వచ్చి ఎటు వెళ్లాలో ముందే నిర్ణయించాలి. పాటను ముక్కలు చేయాలి. నిమిషానికి 120 దెబ్బలు పడే మూడు నిమిషాల పాటలో 360 దెబ్బలుంటాయి. ఎనిమిదేసి చొప్పున విడదీస్తే 45 ముక్కలు. నేర్పేవారు విద్యార్థులకు ఎదురుగా నిలిస్తే తమ ఎడమచేతిని ఎత్తి వారి కుడిచేతిని ఎత్తించాలి. ఇదంతా అయిన తరువాత మైదానం తెచ్చే చిక్కు మరొకటి ఉన్నది. ధ్వని క్షణానికి సుమారు 340 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది. వేదిక దగ్గర మోగిన తాళం 100 మీటర్ల వెనుక ఉన్నవారికి చేరడానికి దాదాపు 0.3 క్షణం పడుతుంది. పైన చెప్పిన వేగంలో ఒక దెబ్బకూ మరొక దెబ్బకూ నడుమ ఉన్నది అర క్షణమే. కాబట్టి వెనుక వరుసలవారు ఆ శబ్దాన్నే నమ్ముకొంటే సగం దెబ్బకు పైగా వెనుకబడతారు. ఆ ఎడబాటును తప్పించడానికి వారు తమ ముందు నిలిచినవారి భుజాన్ని, వీపును కనిపెట్టుకొని ఆడాలి.

బహుసంఖ్యాక నాట్యపు స్వభావం ఈ చిన్న వివరంలో బయటపడుతుంది. అందరూ ఒకే దిక్కు చూస్తారు. ప్రతివారికీ ఎదురుగా కనబడేది మరొకరి వీపు. వారి ముఖాలు కనిపించేది ప్రేక్షకులకు, పైనుండి చూసే కెమెరాకు. మూడువేల మందిలో ఒకరు తడబడినా నాట్యం ఆగదు. ఒకరు రాకపోయినా ఆ గడి ఖాళీ అయినట్టు పక్కవారికి తప్ప ఇతరులకు తెలియదు. సంఖ్య పెరిగినకొద్దీ ప్రతి ఒక్కరి అవసరం తగ్గిపోవడం ఈ పద్ధతిలోని విచిత్రం.

బతుకమ్మ విషయంలో జరిగిన మార్పు దీనిని మరింత స్పష్టం చేస్తుంది. బతుకమ్మలోని దేవతారాధన అంశం వేరొక చర్చ. ఇక్కడ మేము చూస్తున్నది ఆట కట్టుబాటును మాత్రమే. 2016 అక్టోబరులో హైదరాబాదు లాల్‌బహదూర్ క్రీడామైదానంలో 9,000 మందికి పైగా స్త్రీలు ఒక పెద్ద బతుకమ్మ చుట్టూ ఆడటం రికార్డుగా నమోదైంది. 2025 సెప్టెంబరులో సరూర్‌నగర్ మైదానంలో నమోదైన రికార్డుకు ఆడినవారు 1,354 మంది. సంఖ్య తగ్గినా రికార్డు వచ్చింది, ఎందుకనగా ఈసారి లెక్కలోకి తీసికొన్నది అందరి కదలిక ఒకే తీరుగా ఉండటం. ఊరిలో బతుకమ్మ ఆడేవారిని ఎవరూ ఆ తీరున కొలవరు. అక్కడ ముసలమ్మ నెమ్మదిగా వంగుతుంది, కొత్తకోడలు చురుకుగా తిరుగుతుంది, చంకలో బిడ్డనెత్తుకొన్న తల్లి ఒక చేత్తో తొడమీద చరిచి తాళం వేస్తుంది. వలయం వారందరితో కలిసి నడుస్తుంది. నమోదు కావలసి వచ్చినప్పుడు మాత్రం ఆ ముసలమ్మ, ఆ తల్లి ఆటంకమవుతారు.

అయితే ఈ విమర్శను ఇక్కడే ముగిస్తే అది అన్యాయమౌతుంది. కూచిపూడి ఒకనాడు కృష్ణా తీరాన కొన్ని బ్రాహ్మణ కుటుంబాల పురుషులకు మాత్రమే పరిమితమైన కళ. స్త్రీ వేషాలు కూడా పురుషులే ధరించేవారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, అనేకమంది బాలికలకు శిక్షణనిచ్చి, వారితో నృత్యనాటకాలను ప్రదర్శించిన తరువాత ఆ గడప దాటినవారి సంఖ్య పెరిగింది. గచ్చిబౌలి మైదానంలో నిలిచిన వేలమందిలో అత్యధికులు, ఆ పాత కట్టుబాటు ప్రకారమైతే, ఆ కళను ముట్టుకొనే వీలే లేనివారు. మైదానంలోని గడి ఎవరి వంశాన్నీ అడగదు. ఇది నిజమైన చోటే. దానిని తక్కువ చేయరాదు.

3. వలయం నేర్పే పాఠం

ఇప్పుడు కోలాటాన్ని చూద్దాము. కర్రలతో ఆడే వలయనృత్యం మన ప్రాంతంలో చాలా పాతది. 13వ శతాబ్దం మధ్యకాలంలో కాకతీయ గణపతిదేవుని గజసేనాపతి జాయప సంస్కృతంలో రచించిన నృత్తరత్నావళి దేశి నృత్యాలకు సగం గ్రంథాన్ని కేటాయించింది. దండరాసకమనే కర్రల ఆట కూడా అందులో ఉన్నది.

కోలాటంలో ఆటగాళ్లు జోడీలుగా, లోపలి వలయం, వెలుపలి వలయంగా నిలుస్తారు. అడుగుల వరసను 'కోపు' అంటారు. ఒక్కొక్క కోపుకు ఒక్కొక్క నడక, ఒక్కొక్క దెబ్బ. ఇక్కడ ప్రతివారికీ ఎదురుగా ఉండేది వీపు కాదు, ముఖం. నా కర్ర ఆగిన చోట ఎదుటివారి కర్ర రావాలి. వారు ఆలస్యమైతే నా కర్ర గాలిని కొడుతుంది. నేను తొందరపడితే వారి వేళ్లకు తగులుతుంది. తాళం దూరాన ఉన్న వేదికనుండి రాదు, మన చేతుల మధ్యనే పుడుతుంది. ఒక వలయం నిలిచి, మరొకటి ఒక్కొక్క స్థానం చొప్పున జరిగే కోపులో 16 జోడీలుంటే 16 మార్పులలో ప్రతివారూ ఎదుటి వలయంలోని అందరినీ కలిసికొంటారు. ఆ పదహారుమందిలో వేగం తెలిసినవారూ ఉంటారు, తెలియనివారూ ఉంటారు. వేగం తెలిసినవాడు తెలియనివాని ఎదుటికి వచ్చినప్పుడు తన దెబ్బను కొంచెం సడలించవలసిందే. నేర్పరితనమంటే ఇక్కడ ఎగరడం కాదు, సర్దుకోవడం.

జడకోలాటం మరొక అడుగు ముందుకు వేస్తుంది. పైనుండి వేలాడే తాళ్లను ఒక్కొక్కరు పట్టుకొని, ఒకరి కిందనుండి ఒకరు, ఒకరి పైనుండి ఒకరు తిరుగుతుంటే జడ అల్లుకొంటుంది. చూసేవారు అక్కడికే సంతోషిస్తారు. కాని గురువు చూసేది విప్పడాన్ని. అల్లిన వరసలోనే, తలకిందుగా, ఒక్క అడుగు కూడా తప్పకుండా వెనక్కు నడిస్తే తప్ప జడ విడదు. అల్లికలో ఒకరు దారి తప్పితే ఆ తప్పు విప్పేటప్పుడు ముడిగా బయటపడుతుంది, అందరూ ఆగి అతని కోసం వెనక్కు రావాలి. మైదానంలో ఒకరి తడబాటు కనబడకుండా పోతుంది. జడకోలాటంలో ఒకరి తడబాటు అందరి పని అవుతుంది. ఒక్క అవయవం బాధపడితే అవయవాలన్నీ దానితో బాధపడతాయని పౌలు కొరింథు సంఘానికి బోధించిన సత్యాన్ని తాళ్లతో చూపించవలసి వస్తే ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

నేర్చుకొనే తీరు కూడా వేరు. తెలంగాణ పల్లెల్లో చిరుతల రామాయణం ఆడేవారు పంటపనులు తగ్గిన కాలంలో రాత్రిళ్లు ఒక గురువును పెట్టుకొని నెలల తరబడి నేర్చుకోవడం ఆచారం. చదువురానివారు కూడా వినికిడితోనే పద్యాలు, దరువులు, అడుగులు పట్టుకొంటారు. ఇది సంవత్సరానికొక ప్రదర్శన కోసం చేసే సాధన మాత్రమే కాదు. ఆ నెలలన్నీ ఊరు కలిసి కూర్చునే నెలలు. విశాఖ మన్యంలోని థింసాలో స్త్రీలు ఒకరి వెనుకనుండి ఒకరు చేతులు పెనవేసికొని వరుసగా కదులుతారు. అక్కడ అడుగు నేర్పేది మాట కాదు, పక్కవారి శరీరపు కదలిక.

అయితే వలయానికి కూడా తన పాపం ఉన్నది. ఊరి వలయం ఊరందరిది కాకపోయిన సందర్భాలు మన జనులకు బాగా తెలుసు. గుడి ముంగిట తిరిగే వలయంలో వాడ జనులకు చోటు లేకపోవడం, ఆ ఆటకు డప్పు కొట్టడానికి మాత్రం వారిని పిలవడం మన చరిత్రలో భాగం. ముఖాముఖి నిలిచే నాట్యంలో ఎవరి ముఖం చూడవచ్చు, ఎవరిది చూడరాదు అనే నియమం కూడా సులభంగా దూరుతుంది. కాబట్టి వలయం మంచిది, వరుస చెడ్డది అని తేల్చివేయడం మా ఉద్దేశం కాదు. వరుసలో ఎవరైనా నిలవవచ్చు గాని అక్కడ ఒకరికొకరు అక్కరలేదు. వలయంలో ఒకరికొకరు కావాలి గాని అక్కడికి కొందరినే రానిచ్చారు. క్రైస్తవ సంఘం ఈ రెండింటిలోని మేలును కలుపగలదా అన్నదే మన ముందున్న ప్రశ్న.

4. మన సంఘం ఎందుకు అడుగు వేయలేదు?

తెలుగు క్రైస్తవ్యంలోనికి పాట వచ్చింది, అడుగు రాలేదు. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటివారు దేశీయ రాగతాళాల్లో కీర్తనలు కూర్చారు. మెదక్ ప్రాంతపు గ్రామ సంఘాలపై పి. వై. ల్యూక్, జాన్ కార్మన్ 1968లో ప్రచురించిన అధ్యయనం సైతం విశ్వాసుల నమ్మకాన్ని అర్థం చేసికోవడానికి కీర్తనలను ఒక ఆధారంగా తీసికొన్నది. అంతగా పాట మనదైంది. నాట్యం మాత్రం గుమ్మం బయటే నిలిచింది. దీనికి రెండు బలమైన కారణాలున్నవి. వాటిని గౌరవంతోనే పరిశీలించాలి.

మొదటిది, 19వ శతాబ్దం చివర నడిచిన భోగం మేళాల వ్యతిరేకోద్యమం. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం, మద్రాసులో సంఘసంస్కర్తలు, మిషనరీలు ఆ మేళాలను ఖండించారు. స్త్రీలను ఆ వ్యవస్థనుండి తప్పించాలన్న ఆరాటం వారిది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. కాని ఆ క్రమంలో దురాచారంతోపాటు నాట్యం కూడా దోషిగా నిలిచింది. ఆ నాట్యాన్ని తరతరాలుగా కాపాడిన కళావంతుల స్త్రీలు బతుకుతెరువునూ గౌరవాన్నీ రెండింటినీ పోగొట్టుకొన్నారు.

రెండవది, మన సంఘాలకు మరింత దగ్గరిది. మన విశ్వాసుల్లో అనేకుల పూర్వికులకు డప్పు కళ కాదు, వెట్టి. చావుకు, జాతరకు, చాటింపుకు పిలిచినప్పుడు వెళ్లి కొట్టవలసిందే. క్రీస్తును అంగీకరించినవారు డప్పును దింపివేయడం ఒక స్వాతంత్ర్య ప్రకటన. దానిని సంస్కృతిని కోల్పోవడంగా మాత్రమే చూసే విద్యావంతులు, ఆ డప్పు మోసిన భుజం నొప్పిని లెక్కించడం లేదు. కాని 1994లో మొదలైన దండోరా ఉద్యమం తరువాత అదే డప్పు ఆత్మగౌరవ చిహ్నంగా వీధిలోకి వచ్చింది. దింపడానికి తాతలకు ఎంత హక్కు ఉన్నదో, తిరిగి ఎత్తుకోవడానికి మనుమలకు అంతే హక్కు ఉన్నది. నిర్బంధంగా కొట్టడం, ఇష్టపూర్వకంగా కొట్టడం ఒకటి కావు.

ఇతర ప్రాంతాల్లో క్రైస్తవులు కొంత ప్రయత్నం చేశారు. కతోలిక గురువు ఫ్రాన్సిస్ బార్బోజా భరతనాట్యంలో క్రైస్తవ భావాల కోసం కొత్త హస్తముద్రలను రూపొందించారు. తిరుచిరాపల్లిలోని కలైకావిరి సంస్థ నాట్యశిక్షణను సంఘసేవగా చేపట్టింది. ఇవి గొప్ప ప్రయత్నాలే. అయినా ఇవి శాస్త్రీయ నృత్యాన్ని ఆశ్రయించినవి గనుక, సంవత్సరాల శిక్షణ పొందిన కొద్దిమంది ఆడగా సంఘం చూచే స్థితి వీటిలో మారలేదు. పల్లె సంఘానికి కావలసింది చూడటానికి మరొక నాట్యం కాదు, కలవడానికి ఒకటి.

5. సాధనలో ఏమి జరుగుతున్నది?

కనకమామిడి చుట్టుపక్కల, చేవెళ్ల దారి ఊళ్లలో మేము గమనించినంతలో, క్రిస్మసు నాట్యం నేడు ఇలా తయారవుతున్నది. ఎవరి ఫోనులోనో ఒక వీడియో దొరుకుతుంది. పాట క్రైస్తవమైనది, దరువు సినిమాది. స్టెప్పులను ఆ వీడియో చూచి పట్టుకొంటారు, లేదా పట్నంనుండి ఒక డ్యాన్సు మాస్టరును కొద్ది రోజులకు మాట్లాడుకొంటారు. మొదటిరోజు ముప్పై, నలభైమంది వస్తారు. మాస్టరుకు సమయం తక్కువ. స్టెప్పు త్వరగా పట్టుకొన్నవారిని ముందు వరుసలో, తక్కినవారిని వెనుక నిలుపుతాడు. వారం గడిచేసరికి వెనుక వరుస పలుచనవుతుంది. చీకటి పడకముందు ఇల్లు చేరాలని తల్లిదండ్రులు చెప్పిన ఆడపిల్లలు, పనినుండి ఆలస్యంగా వచ్చే అబ్బాయిలు, కాలు కొంచెం ఈడ్చి నడిచేవారు, బిడియస్థులు ఒక్కొక్కరుగా జారిపోతారు. వారిని ఎవరూ వెళ్లగొట్టలేదు. వారి కోసం ఎవరూ ఆగలేదు, అంతే. పండుగ రాత్రి వేదికమీద ఎనిమిదిమంది చక్కగా ఆడతారు, సంఘం చప్పట్లు కొడుతుంది, మరునాటికి వీడియో ఊరంతా తిరుగుతుంది.

దీనిలోని లోపం సినిమా దరువు కాదని మా అభిప్రాయం. పెద్దలు ఎక్కువగా ఆక్షేపించేది దానినే గాని, దరువు మార్చినంత మాత్రాన సాధన మారదు. అదే ఎనిమిదిమందితో దావీదు కీర్తనను ఆడించినా జారిపోయినవారు జారిపోయినవారే. లోపం ఎంపికలో ఉన్నది. ప్రదర్శన తేదీ సాధనను శాసించినప్పుడు బలహీనులు భారమౌతారు. సాధనే ముఖ్యమైనప్పుడు ప్రదర్శన వారి బలాన్ని బట్టి రూపుదిద్దుకొంటుంది. నాట్యం కూర్చేవారి అసలు నేర్పు ఇక్కడ తెలుస్తుంది. తన మనసులోని చిత్రానికి సరిపోయే శరీరాలను వెదికేవాడు ఒక రకం. తన ముందుకు వచ్చిన శరీరాలను చూచి చిత్రాన్ని మార్చుకొనేవాడు మరొక రకం. రెండవవాని పని కష్టమైనది, కాని సంఘానికి తగినది అతని పనే.

6. వాక్యపు వెలుగులో

లేఖనం నాట్యాన్ని గుడ్డిగా మెచ్చుకోదు, గుడ్డిగా నిరాకరించదు. బంగారు దూడ చుట్టూ జరిగిన నాట్యాన్ని చూచి మోషే పలకలను పగులగొట్టాడు. హేరోదు విందులో ఒక బాలిక నాట్యం అతిథుల వినోదానికి వాడబడి, ఒక ప్రవక్త ప్రాణం తీసింది. న్యాయాధిపతులు 21వ అధ్యాయంలో షిలోహు కుమార్తెలు పండుగనాడు నాట్యమాడటానికి బయటికి వచ్చినప్పుడు ద్రాక్షతోటల్లో పొంచియున్న పురుషులు వారిని ఎత్తుకొనిపోయారు. అక్కడ పాపం నాట్యమాడిన ఆ అమ్మాయిలది కాదు. కాని వారిని ఆడమని పంపి, కాపాడటం మరచిన సమాజానికి ఆ పాపంలో పాలున్నది. నేడు ఒక అమ్మాయి ఆడిన దృశ్యాన్ని ఆమె అనుమతి లేకుండా ఫోనులలో తిప్పడం ఆ పొంచియుండటానికి మరొక రూపమే. సాధన ముగిసిన రాత్రి ఆమె క్షేమంగా ఇల్లు చేరేవరకు నాట్యం బాధ్యత సంఘానిదే.

రెండవ సమూయేలు 6వ అధ్యాయం మన చర్చకు కేంద్రం. దావీదును మీకాలు తృణీకరించడాన్ని మనం తరచుగా ప్రసంగిస్తాము. ఆమె ఆక్షేపణ ఆయన అడుగుల మీద కాదు. దాసీలు చూస్తుండగా రాజు అలా ఆడటం మీద. ఎవరు చూస్తున్నారన్నది ఆమె కొలత, ఎవరి సన్నిధిలో ఆడుతున్నామన్నది దావీదు కొలత. ఆ దాసీలచేతనే తాను ఘనత పొందుతానని ఆయన బదులిచ్చాడు. అయితే మనం తరచుగా విడిచిపెట్టే వచనం మరొకటి ఉన్నది. ఆ నాట్యం ముగిసిన తరువాత దావీదు సమూహంలోని స్త్రీపురుషులందరికీ, ఒక్కొక్కరికి, ఆహారం పంచిపెట్టాడు. నాట్యం పంపకంతో ముగిసింది. ఎవరికీ దక్కకుండా పోలేదు. రాజు ఆడిన నాట్యాన్ని లేఖనం ఈ పంపకంతో కలిపి చెప్పడం యాదృచ్ఛికం కాదని మేము నమ్ముతున్నాము.

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో బలహీనమైనవిగా కనబడే అవయవాలే మరింత అవసరమని చెబుతాడు. 14వ అధ్యాయంలో సమస్తం క్షేమాభివృద్ధి కోసం, క్రమంగా జరగాలని కోరతాడు. నాట్యాన్ని వ్యతిరేకించేవారు 14వ అధ్యాయాన్ని, సమర్థించేవారు 12వ అధ్యాయాన్ని ఎత్తి చూపడం మామూలే. బృందసాధన ఈ రెండింటినీ ఒకచోట చేర్చగలదు. కోపు నేర్చుకోవడం క్రమం. నేర్చుకోలేనివాని కోసం కోపును మార్చడం క్షేమాభివృద్ధి. క్రమం లేనిది వలయం నిలవదు. జాలి లేనిది వలయం సంఘం కాదు.

ముగింపు

మా తీర్పును ఇలా సంగ్రహించవచ్చు. బృందనృత్యాన్ని సంఖ్యతో గాని, ఒకే తీరు కదలికతో గాని, చప్పట్లతో గాని కొలవరాదు. మొదటిరోజు సాధనకు వచ్చినవారిలో ఎంతమంది చివరిరోజు వరకు ఉన్నారన్నదే సంఘానికి తగిన కొలత. ఈ కొలతను ఒప్పుకొంటే కొన్ని పనులు వాటంతట అవే ముందుకు వస్తాయి. సాధన వేళను దూరపు ఇండ్ల అమ్మాయిలను, పనిచేసే అబ్బాయిలను అడిగి నిర్ణయించాలి. నాట్యం కూర్చేవారు ప్రతి పాటలో కూర్చుని గాని, నిలిచి గాని, చేతులతో మాత్రమే గాని చేయగల చోటును ముందే పెట్టాలి. ముందు వరుస, వెనుక వరుస సాధనలో మారుతూ ఉండాలి. కోలాటం గాని, చెక్కభజన గాని తెలిసిన పెద్దలు ఊరిలో ఇంకా ఉన్నచోట, వారిని మాస్టరు స్థానంలో కూర్చోబెట్టి కోపులు నేర్చుకోవాలి. డప్పు ఎత్తుకోవాలా వద్దా అన్నది దానిని మోసిన కుటుంబాలవారే నిర్ణయించాలి. వారి తరఫున సంఘపెద్దలు అవునని గాని, కాదని గాని చెప్పరాదు.

ఆరాధనలో నాట్యానికి చోటుందా అని మనలను అడుగుతుంటారు. నాట్యంలో అందరికీ చోటుందా అని మనం తిరిగి అడగాలి. రెండవ ప్రశ్నకు అవునని చెప్పగలిగిన బృందం వచ్చిననాడు మొదటి ప్రశ్నను గురించి వాదించవలసిన అవసరం అంతగా ఉండదు. ఉపమానంలోని పెద్ద కుమారుడు ఇంటిలోని నాట్యధ్వనిని విని లోపలికి వెళ్లలేదు, బయట నిలిచి దాసుని అడిగి తెలిసికొన్నాడు. అతనిని బ్రతిమాలడానికి తండ్రే బయటికి వచ్చాడు. లోపల ఆడుతున్నవారిని నిలిపివేయమని తండ్రి చెప్పలేదు, బయట నిలిచినవానిని విడిచిపెట్టనూ లేదు. మన సంఘ కాపరులు, మన యౌవనస్థుల నాయకులు నేర్చుకోవలసిన కూర్పు అదే.